బాల్డర్స్ గేట్ 3 ఆడొస్తే టేబుల్ మీద డీ అండ్ డీ వచ్చేసినట్టేనా?

ఇరవై_ముఖాలు:
కొత్తవాళ్లను డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ, టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలతో కథ నడిపే ఆట)లోకి తేవాలంటే "ముందు బాల్డర్స్ గేట్ 3 ఆడి రండి" అనడం ఈమధ్య అందరికీ అలవాటైంది. నా ఓటు వద్దనే. ఆట బాగోలేక కాదు, బాగుండటమే చిక్కు. లారియన్ స్టూడియో వాళ్లు 2023లో తెచ్చిన ఆ వీడియో గేమ్ డీ అండ్ డీ 2014 నాటి ఐదో ఎడిషన్ మీద కట్టిందే కానీ అచ్చంగా ఆ రూల్స్ కావు. అక్కడ పోషన్ (గాయం మాన్పే మందు) తాగడం బోనస్ యాక్షన్ (వంతులో అదనంగా చేసే చిన్న పని), రూల్స్ పుస్తకంలో పూర్తి యాక్షన్ (వంతులో చేసే ప్రధానమైన పని). అవతలివాణ్ణి తోయడం అక్కడ బోనస్ యాక్షన్, ఇక్కడ ఒక దాడి వదులుకోవాలి. హేస్ట్ (వేగం పెంచే మంత్రం) పడితే అక్కడ రెండో ఫైర్‌బాల్ (నిప్పుల మంత్రం) కూడా వేసుకోవచ్చు. పుస్తకంలో ఆ అదనపు యాక్షన్ ఒక్క ఆయుధపు దాడికో, పరుగుకో, దాక్కోవడానికో, అలాంటి రెండు మూడు పనులకే. ఇనిషియేటివ్‌కి (పోరాటంలో ఎవరి వంతు ముందో తేల్చే రోల్, అంటే పాచిక వేయడం) అక్కడ డీ4 (నాలుగు ముఖాల పాచిక), ఇక్కడ డీ20 (ఇరవై ముఖాలది). డీ4లో డెక్స్‌టెరిటీ (చురుకుదనం) ఎక్కువున్నవాడే దాదాపు ఎప్పుడూ ముందుంటాడు. డీ20లో +4 ఉన్నవాడూ అందరికంటే వెనక పడొచ్చు. ఎత్తునుంచి బాణం వేస్తే +2 ఏదని అడుగుతారు, పుస్తకంలో లేదు. పుస్తకంలో ఉన్న కవర్ (సగం చాటుకి ఏసీకి, అంటే దెబ్బ తగలడానికి అందుకోవాల్సిన అంకెకి, +2, ముప్పావు చాటుకి +5) వాళ్లకు తెలీదు. స్తంభం పక్కనే నిలబడి దెబ్బలు తింటారు.

గుహలో_దీపం:
అన్నా, ఇదంతా అర పేజీ కాగితం. ప్రింట్ తీసి చేతికిస్తే అయిపోతుంది. పైగా 2024లో వచ్చిన కొత్త రూల్స్ పుస్తకంలో పోషన్ బోనస్ యాక్షనే, మీ జాబితాలో మొదటిదే పాతబడింది. స్పెల్ స్లాట్ (మంత్రం వేస్తే ఖర్చయ్యే వాటా), కాన్సంట్రేషన్ (ఒకసారి ఒక్క మంత్రం మీదే నిలిపే ధ్యాస), రియాక్షన్ (అవతలివాడి వంతులో ఇచ్చే జవాబు) అంటే ఏంటో నోటితో చెప్పడానికి ఒక సాయంత్రం పోతుంది. వీడియో గేమ్ దాన్ని రెండు ఫైట్లలో ఒంటికి పట్టిస్తుంది. బ్లెస్ వేసి, వెంటనే ఇంకో కాన్సంట్రేషన్ స్పెల్ వేసి మొదటిది పోగొట్టుకున్నవాడు మళ్లీ ఆ తప్పు చేయడు.

డీఎం_తెర_వెనక:
రూల్స్ తేడా చిన్న విషయం. అసలు జబ్బు ఎఫ్5 (సేవ్), ఎఫ్8 (మళ్లీ లోడ్) బటన్లది. లెక్క చూడండి: డీసీ (గెలవడానికి అందుకోవాల్సిన అంకె) 15, బోనస్ +5 అంటే పాచికలో 10 లేదా పైన పడాలి, 55 శాతం. రెండుసార్లు లోడ్ చేసే ఓపిక ఉంటే (మొత్తం మూడు రోల్స్) అదే 91 శాతం. దానికి తోడు కార్మిక్ డైస్ అనే సెట్టింగ్ మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది, వరసగా ఓడిపోకుండా చూస్తుంది. అలా అలవాటైనవాడికి టేబుల్ మీద మూడు రోల్స్ వరసగా పోతే (9 శాతం, అరుదేం కాదు) పాచికలో మోసం ఉందనిపిస్తుంది. ఆనర్ మోడ్ అనే కష్టమైన పద్ధతిలో ఒకటే సేవ్ కాబట్టి అది ఆడి వచ్చినవాళ్లు నయం.

కానీ సగం తప్పు ఆట నడిపే డీఎంలదే. ఒక్క ఇన్వెస్టిగేషన్ (ఆధారాలు వెతికే) రోల్ వెనక కథ మొత్తం దాచేసి, అది పోతే అందరూ గోడ చూస్తూ కూర్చుంటారు. తెలియాల్సిన ప్రతి సంగతికీ మూడు దారులు పెట్టుకోండి: ఒక ఉత్తరం, ఒక సాక్షి, ఒక అడుగుజాడ. రోల్ పోతే తలుపు తెరుచుకోనివ్వండి, కానీ కాపలావాడు నిద్ర లేవాలి. పోయినా ఏమీ మారదనుకుంటే అసలు రోల్ అడగకండి. ఇంకోటి, స్కిల్ రోల్‌లో 1 పడితే ఓడినట్టే అనేది వీడియో గేమ్ పద్ధతి. పుస్తకంలో అది దాడి రోల్‌కే.

నిద్రపోని_వార్లాక్:
రెస్ట్ గురించి ఎవరూ మాట్లాడరేం? అక్కడ లాంగ్ రెస్ట్‌కి (ఖర్చైన స్లాట్లన్నీ తిరిగిచ్చే నిద్ర) బ్యాలెన్స్‌డ్ అనే మామూలు స్థాయిలో 40 క్యాంప్ సప్లైలు (తిండి సరుకు) చాలు, సొరుగులన్నీ వెతికేవాడికి అవి మిగిలిపోతాయి. ప్రతి ఫైట్ తర్వాత పడక. టేబుల్‌కి వచ్చి ఐదో లెవెల్ విజర్డ్ (మంత్రగాడు) తనకున్న రెండు మూడో స్థాయి స్లాట్లూ మొదటి రౌండ్లలోనే ఫైర్‌బాల్‌కి ఊదేసి (8డీ6, అంటే ఆరు ముఖాల పాచికలు ఎనిమిది, సగటున 28 దెబ్బ చొప్పున) "పడుకుందామా" అంటాడు. పుస్తకంలో లాంగ్ రెస్ట్ 8 గంటలు, 24 గంటల్లో ఒక్కసారే. 2014 డీఎం పుస్తకం రోజుకి ఆరు నుంచి ఎనిమిది పోరాటాలు వేసుకుని లెక్క కట్టింది. మూడు గంటల సెషన్‌లో రెండు జరిగితే గొప్ప. కాబట్టి ఈ నేరం పూర్తిగా వీడియో గేమ్‌ది కాదు. నష్టపోయేది మాత్రం షార్ట్ రెస్ట్ (చిన్న విరామం) మీద బతికే వార్లాక్, మాంక్ పాత్రలు. మందు ఒకటే: కథలో గడియారం పెట్టండి. తెల్లారేలోపు పూజ ఆపాలంటే ఎవడూ పక్క పరవడు. ఆటలోని ఒక రోజుని రెండు మూడు సెషన్లకు సాగదీయండి, సెషన్ అయిపోయిందని స్లాట్లు తిరిగివ్వకండి.

ఇరవై_ముఖాలు:
ఇంకా ఉంది. "నా ఆప్షన్లేంటి?" అని అడుగుతారు. బటన్ లేని పని తోచదు. రెడీ యాక్షన్ (అనుకున్నది జరిగినప్పుడు చేద్దామని పని సిద్ధంగా పెట్టుకోవడం) అక్కడ లేదు, డాడ్జ్ (దెబ్బలు తప్పించుకోవడం మీదే ఉండటం) లేదు. హెల్ప్ అంటే పడినవాణ్ణి లేపడమే అనుకుంటారు. ఇక్కడ తోటివాడికి హెల్ప్ చేస్తే వాడికి అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం), 50 శాతం ఉన్న రోల్ 75 అవుతుంది. రెడీ నేర్పేటప్పుడు ఒక హెచ్చరిక: స్పెల్ రెడీ పెట్టుకుంటే అనుకున్నది జరగకపోయినా స్లాట్ పోతుంది, ఆగినంతసేపూ కాన్సంట్రేషన్ కావాలి. ముందే చెప్పకపోతే గొడవే.

డల్లాస్_గాబ్లిన్:
మీరంతా ఐదుగురు ఒకచోట కూర్చుంటారన్నట్టే మాట్లాడుతున్నారు. మా వైపు అసలు పోటీ నాణ్యతతో కాదు, క్యాలెండర్‌తో. హైదరాబాద్‌లో ఆదివారం ఉదయం 8 అంటే డల్లాస్‌లో శనివారం రాత్రి 9:30, నవంబర్‌లో గడియారాలు మారాక 8:30. ఆహ్వానం భారత సమయంలో పెట్టకపోతే ఆ వారం సగం మంది గంట తేడాతో వస్తారు. రాత్రి పదకొండుకి ఒంటరిగా తెరవగలిగేది వీడియో గేమే. దాన్ని తక్కువ చేయకండి.

అయితే అది ఇవ్వలేనిది ఒకటుంది. అందులో తెలుగు లేదు. మన టేబుల్ మీద గాబ్లిన్ నాయకుడు "నువ్వెవడ్రా" అని మొదలుపెట్టి, ఇంటిమిడేషన్ (బెదిరించే) రోల్ బాగా పడ్డాక "తమరు ఎక్కణ్ణుంచి వేంచేశారు" అంటే చాలు. అంకె చెప్పక్కర్లేదు. సత్రం యజమాని "మీరు" నుంచి "నువ్వు"కి దిగితే పర్సుయేషన్ (ఒప్పించే) రోల్ పోయిందని అందరికీ అర్థమవుతుంది.

గుహలో_దీపం:
ఇది రాసి పెట్టుకుంటున్నా గాబ్లిన్ గారూ. ఇక ఖర్చంటారా, ఎస్ఆర్‌డీ 5.1 (ఐదో ఎడిషన్ మూల రూల్స్) 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌లో ఉచితం, ఏడు పాచికల సెట్ ఒకటి కొంటే మొదలుపెట్టొచ్చు. వీడియో గేమ్ కొనలేనివాణ్ణి "ముందు అది ఆడి రా" అని గుమ్మం దగ్గర ఆపడం నాకూ నచ్చదు.

ఇరవై_ముఖాలు:
పోషన్ సంగతి ఒప్పుకుంటున్నా, జాబితాలోంచి తీసేశా. అర పేజీ కాగితం ఈ రాత్రికి పెడతా. హేస్ట్ మాత్రం లావు అక్షరాల్లో ఉంటుంది.