కన్నుమూసిన గాయకుడి గొంతుతో ఏఐ పాట: అభిమానమా, అన్యాయమా?

ప్రశ్న: సెకండియర్_సౌండ్

అందరికీ నమస్కారం. మా కల్చరల్ క్లబ్ కాలేజీ వార్షికోత్సవానికి నాలుగు నిమిషాల నివాళి వీడియో చేస్తోంది. పాట, బాణీ రెండూ క్లబ్ వాళ్లవే. దాన్ని కన్నుమూసిన ఒక గొప్ప గాయకుడి గొంతులో ఏఐతో వినిపించాలన్నది ఆలోచన. హాల్లో వేశాక యూట్యూబ్‌లో పెడతారు. ఆ తర్వాత రీల్స్‌గా ముక్కలు ముక్కలై తిరుగుతుంది.

క్లబ్‌లో ఎక్కువమంది అనేది ఒకటే: డబ్బు తీసుకోవట్లేదు, అభిమానంతో చేస్తున్నాం, తప్పేముంది? నా అభిప్రాయం వేరు. ఒక మనిషి ఎన్నడూ పాడని పాటను ఆయనే పాడినట్టు వినిపించడం, అదీ కాదని చెప్పడానికి ఆయన లేనప్పుడు, అభిమానం అనిపించుకోదు. కానీ "మరి మిమిక్రీ సంగతేంటి?" అని అడిగితే గట్టిగా జవాబు చెప్పలేకపోతున్నాను.

తెలిసినవాళ్లు రెండు విషయాలు చెప్పండి. ఇలాంటిది పద్ధతిగా చేయాలంటే ఎవరి అనుమతి కావాలి, ఏ రూపంలో కావాలి? ఇక రెండోది: ట్రయల్‌గా చేసిన ముక్కలో "భారం" కాస్తా "బారం" అవుతోంది, "కళ్ళు" "కల్లు" అవుతోంది, "స" వచ్చిన ప్రతిచోటా సన్నగా ఈల వినిపిస్తోంది. ఎందుకు? వాడింది ఆర్‌వీసీ, అంటే ఒకరు పాడినదాన్ని ఇంకొకరి గొంతులోకి మార్చే ఏఐ పరికరం. డేటా పాత పాటల నుంచి విడగొట్టిన గొంతు, సుమారు 40 నిమిషాలు.

జవాబు: మిక్సింగ్_బల్ల

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. మొదటిదానికి సగం జవాబు అందులోనే ఉంది.

ఆర్‌వీసీ పాట పాడదు. మీలో ఎవరో ఒకరు పాడాలి. వాళ్లు పాడినదాంట్లోంచి ఒక భాగం అక్షరాల వరుసను పట్టుకుంటుంది, ఇంకో భాగం శ్రుతి ఎలా ఎక్కిందో దిగిందో గీత గీస్తుంది. ఈ రెంటి మీద మీరు కోరిన గొంతు రంగును మూడోది పూస్తుంది. గమకం, ఊపిరి తీసుకున్న చోటు, మాట విరిచిన తీరు, తాళానికి కాస్త ముందో వెనకో పడటం, ఇవన్నీ గైడ్ ట్రాక్ (మార్చడానికి ముందు మీరు పాడి ఇచ్చే రికార్డింగ్) పాడినవాళ్లవే. ఆ గాయకుడి నుంచి వచ్చేది గొంతు నాదం ఒక్కటే. అందుకే "ఆయన పాడారు" అనడం అబద్ధం. గైడ్ పాడినవాళ్ల పేరు టైటిల్స్‌లో లేకపోతే అది ఇంకో అన్యాయం.

ఇక ఒత్తులు పోవడం. అక్షరాలను పట్టుకునే భాగం హ్యూబర్ట్ అనే, మాటల్లోని ధ్వనులను గుర్తించే ఏఐ మోడల్ జాతిది, దానికి శిక్షణ ఇచ్చింది ఇంగ్లిష్ మాటల మీద. ఇంగ్లిష్‌లో భ, బ తేడాతో అర్థం మారదు. ల, ళ తేడా అసలు లేదు. దాని చెవికి ఆ తేడాలు అంత ముఖ్యం కావు, కాబట్టి కలిపేస్తుంది. కళ్ళు కల్లు అయిపోవడం అక్కడ్నుంచే. చేయగలిగింది కొంతే: గైడ్ పాడేవాళ్లు ఒత్తులను మామూలుకంటే కాస్త నొక్కి పలకాలి. ఇండెక్స్ రేషియో (శిక్షణ ఇచ్చిన గొంతు పోలిక ఎంత కలపాలో చెప్పే సెట్టింగ్) 0.75 దగ్గర ఉంటే 0.4కు తగ్గించి వినండి, గైడ్ ఉచ్చారణ ఎక్కువ నిలుస్తుంది. ప్రొటెక్ట్ అనే సెట్టింగ్ 0.33 లేదా అంతకంటే తక్కువ ఉండాలి. అది 0.5కు వెళితే ఊపిరికీ నాదం లేని హల్లులకూ రక్షణ పూర్తిగా ఆగిపోతుంది.

ఈలకు కారణం మీ డేటానే. పాత పాటల నుంచి గొంతు విడగొట్టినప్పుడు తాళాల గలగల, వయొలిన్ల పైస్థాయి, హాల్ ప్రతిధ్వని కొంత అంటుకునే వస్తాయి. ఇవి ఉండేది "స, శ" ఉండే పైస్థాయిలోనే, ఎక్కువగా 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య. మోడల్ ఆ మురికిని కూడా గొంతులో భాగమనే నేర్చుకుంటుంది. తర్వాత డీ-ఎస్సర్ ("స, శ" పదును తగ్గించే పరికరం) ఎంత పెట్టినా ఈల తగ్గుతుందేగానీ పోదు, పైగా పాట నత్తిగా వినిపిస్తుంది. ప్రతిధ్వని లేని గదిలో తీసిన 10 నిమిషాల శుభ్రమైన గొంతు మీ 40 నిమిషాలకంటే ఎన్నో రెట్లు మేలు. కోరస్ కలిసిన ముక్కలు ఒక్కటి కూడా ఉంచొద్దు. రెండు గొంతులున్న చోట శ్రుతి గీత ఒక స్థాయి పైకో కిందికో గెంతుతుంది, పాటలో కీచుమన్నట్టు వినిపించేది అదే.

కన్నుమూసిన మనిషి నుంచి శుభ్రమైన రికార్డింగ్ ఇక రాదు కదా. సౌండ్ పరంగా కూడా ఈ పని చివరికి అక్కడే ఆగుతుంది.

జవాబు: హక్కుల_చిట్టా

అనుమతి అనేది ఒక్కటి కాదు, మూడు పొరలు. పాట, బాణీ మీవే కాబట్టి మొదటి పొరతో ఇబ్బంది లేదు. రెండోది, గొంతు విడగొట్టిన పాత రికార్డింగులు. అవి ఆడియో కంపెనీలవి, వాటితో మోడల్‌కు శిక్షణ ఇవ్వడానికి మీకు ఎవరూ హక్కు ఇవ్వలేదు. మూడోది ఆ గొంతు, అంటే ఆ మనిషి. దీనిమీద చట్టం దేశాన్ని బట్టి మారుతుంది, మనిషి పోయాక ఎంతకాలం నిలుస్తుందన్నదీ మారుతుంది. నీతి మాత్రం మారదు: ఆయన లేకపోతే కుటుంబాన్ని అడగాలి.

డబ్బు తీసుకోలేదన్నది అనుమతి కాదు. రేపు మీ వీడియో వైరల్ అయితే ఆయన పేరుకు తగిలే దెబ్బ, మీరు సంపాదించారా లేదా అన్నదాన్ని బట్టి ఉండదు.

ఒకే ఏడాది, 2024లో, రెండు దారులూ చూశాం. ఏఆర్ రెహమాన్ ఇద్దరు దివంగత గాయకుల గొంతులను ఒక తమిళ సినిమా పాటలో ఏఐతో వినిపించారు. కుటుంబాల అనుమతి తీసుకుని, పారితోషికం ఇచ్చామని బహిరంగంగా చెప్పారు. అదే ఏడాది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి గొంతును అడగకుండా ఏఐతో వాడారంటూ ఒక తెలుగు సినిమా బృందానికి ఆయన కుమారుడు లీగల్ నోటీసు పంపారు. ఆ జులైలోనే అరిజిత్ సింగ్ వేసిన కేసులో, అనుమతి లేకుండా ఒకరి గొంతును ఏఐ పరికరాలతో మార్చి ఇవ్వడం వ్యక్తిత్వ హక్కులకు భంగమని బాంబే హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

అడగదలిస్తే ఫోన్లో "సరేనండీ" అనిపించుకోవడం చాలదు. కాగితం మీద ఇవి ఉండాలి: పాట పూర్తి సాహిత్యం జతచేసి, ఈ పాటకు మాత్రమే అని. ఎక్కడ వినిపిస్తారు, ఎన్ని రోజులు ఆన్‌లైన్‌లో ఉంటుంది. విడుదలకు ముందు వాళ్లు వినాలి, వద్దంటే ఆగిపోవాలి. విడుదలయ్యాక తీసేయమంటే ఎన్ని గంటల్లో తీస్తారు. మోడల్ ఫైల్ ఎవరి దగ్గర ఉంటుంది, ఏ తేదీన చెరిపేస్తారు. ఈ చివరి రెండూ విద్యార్థుల ఉత్తరాల్లో ఎప్పుడూ ఉండవు, అసలు భయం వాటి దగ్గరే. జవాబు రాకపోతే దాన్ని "వద్దు" అనే తీసుకోవాలి. మౌనం అంగీకారం అన్న సామెత ఇక్కడ పనికిరాదు.

జవాబు: మిమిక్రీ_వేదిక

నేను ఒప్పుకోను. మన వేదికల మీద దశాబ్దాలుగా పెద్ద నటుల, గాయకుల గొంతులు అనుకరిస్తూనే ఉన్నారు. చనిపోయినవాళ్ల గొంతులతో సహా. ఎవరి కుటుంబాన్నీ ఎవరూ అడగలేదు, ఆ కుటుంబాలే ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాయి. ఒక కళాకారుడు గొంతుతో చేస్తే కళ, ఒక విద్యార్థి కంప్యూటర్‌తో చేస్తే నేరమా? సాధన చేసే అవకాశం లేనివాడికి ఈ పరికరం దారి తెరుస్తుంది. ఆ దారి మూసేయడం నాకు న్యాయంగా అనిపించదు.

జవాబు: హక్కుల_చిట్టా

మంచి ప్రశ్న, అడగాల్సిందే. తేడా పరికరంలో లేదు. వింటున్నవాళ్లకు నిజం తెలుసా లేదా అన్నదే తేడా. మిమిక్రీలో అనుకరించే మనిషి ఎదురుగా నిలబడి ఉంటాడు. చప్పట్లు కొట్టేదే "అచ్చం ఆయనలా చేశాడే" అని. పాడింది ఆయనేనని ఎవరూ మోసపోరు. ఆ తెలియడం పోయిన చోట మనిషి గొంతుతో చేసినా తప్పే. అమెరికన్ గాయని బెట్ మిడ్లర్ కేసు చూడండి. కారు ప్రకటనకు పాడనని ఆమె చెబితే, ఒకప్పుడు ఆమె వెనక కోరస్ పాడిన గాయనితో అచ్చం ఆమెలా పాడించారు. ఏ యంత్రమూ లేదు. అయినా 1988లో అమెరికా అప్పీళ్ల కోర్టు, పేరున్న గాయని ప్రత్యేకమైన గొంతును అమ్మకానికి కావాలనే అనుకరించడం ఆమెకు చెందినదాన్ని తీసుకోవడమేనంది. తర్వాత జ్యూరీ 4 లక్షల డాలర్ల పరిహారం ఇప్పించింది.

ఇంకో తేడా కూడా ఉంది. మిమిక్రీ కళాకారుడి నైపుణ్యం ఆయన గొంతులోనే ఉంటుంది, ఇంకొకరి చేతికి పోదు. మోడల్ అనేది వంద ఎంబీ కూడా లేని ఫైల్. క్లబ్ గ్రూపులో ఒకరు పంపితే చాలు, ఆ గొంతుతో ఎవరైనా ఏదైనా పలికించవచ్చు: బూతు, ఎన్నికల ప్రచారం, డబ్బు పంపమని ఏడుపు. మీరు నివాళికి చేసిన ఫైల్ అక్కడ పనిచేయడానికి అడ్డేమీ లేదు.

దారి మూయమని నేను అనట్లేదు. అమెరికన్ గాయకుడు రాండీ ట్రావిస్‌కు 2013లో పక్షవాతం వచ్చి పాడే శక్తి పోయింది. 2024లో ఆయన ఇష్టంతో, ఇంకో గాయకుడు గైడ్ పాడగా, ఆయన పాత గొంతుతో కొత్త పాట వచ్చింది. పద్ధతి మీ క్లబ్ చేస్తున్నదాని లాంటిదే. అక్కడ మాత్రం గొంతుగల మనిషి పక్కనే కూర్చుని ఊ అన్నాడు.

ప్రశ్న అడిగినవారు: సెకండియర్_సౌండ్

ఇవన్నీ క్లబ్‌కు చదివి వినిపించాను. నివాళి పాట మా గాయనే సొంత గొంతుతో పాడుతోంది, గైడ్ కూడా ఆమెదే కాబట్టి. ఇంకో చిన్న అంశానికి మాత్రం ఒక విద్యార్థి తన గొంతు క్లోన్ చేయడానికి తనే రాసిచ్చాడు. దానికి "ఏఐ" అని ఎక్కడ, ఎలా రాయాలి? వీడియో వివరణలో రాస్తే సరిపోతుందా?

జవాబు: మిక్సింగ్_బల్ల

సరిపోదు. యూట్యూబ్‌లో అప్‌లోడ్ చేసేటప్పుడు మార్చిన లేదా కృత్రిమ కంటెంట్ అని గుర్తు పెట్టే చోటు 2024 నుంచి ఉంది, అది తప్పకుండా పెట్టండి. కానీ వీడియోను డౌన్‌లోడ్ చేసి వాట్సాప్‌లో పంపిన క్షణం ఆ గుర్తూ పోతుంది, వివరణా పోతుంది. ఫైల్ లోపల దాచిన సమాచారం కూడా మళ్ళీ కుదించినప్పుడు చాలాసార్లు నిలవదు. కాబట్టి రాత చిత్రంలోనే కలిసిపోవాలి, మొదటి ఫ్రేము నుంచి చివరి ఫ్రేము దాకా. అంచున పెడితే రీల్ కోసం నిలువుగా కత్తిరించినప్పుడు ఎగిరిపోతుంది, అందుకని మధ్య మూడోవంతు వెడల్పులో, కిందివైపు బటన్లు వచ్చే చోటుకు కాస్త పైన పెట్టండి. "ఏఐ సహాయంతో" లాంటి మెత్తని మాట వద్దు. "ఈ గొంతు ఏఐతో తయారుచేసింది, అసలు పాడింది ఫలానా" అని పేరుతో రాయండి. ఆడియో విడిగా తిరిగే అవకాశం ఉంటే మొదటి పల్లవికి ముందు ఆ విద్యార్థి అసలు గొంతుతోనే ఒక్క వాక్యం చెప్పించండి.

కార్యక్రమం అయిపోయాక పీటీహెచ్ ఫైలు (గొంతు మోడల్ ఉండేది ఇందులోనే), దానితో ఉన్న ఇండెక్స్ ఫైలు, కోసిన ఆడియో ముక్కల ఫోల్డరు, మధ్యలో దాచుకున్న చెక్‌పాయింట్లు, డ్రైవ్‌లో చెత్తబుట్ట, అన్నీ చెరిపేయండి. ఆ విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుని చెరపండి. మొదట్లో పాత పాటల నుంచి చేసిన ట్రయల్ మోడల్ కూడా ఎవరో ఒకరి ల్యాప్‌టాప్‌లో ఉండే ఉంటుంది. ముందు దాన్ని వెతకండి.