ఆట వదిలి వచ్చిన ఫుట్‌బాల్ ఆటగాడు పిల్లల దగ్గర ఫీజు తీసుకోకూడదా?

లెఫ్ట్ వింగ్ 11, నల్లగొండ
ఆయనకు ఇష్టం ఉండదు కాబట్టి పేరు రాయడం లేదు. మన ఊరి నుంచి వెళ్లి కలకత్తాలో, గోవాలో క్లబ్బులకు ఆడాడు. దేశంలోని క్లబ్బుల పోటీ ఐ-లీగ్‌లో రెండో డివిజన్ వరకు చేరాడు. మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషన్ అయ్యాక క్లబ్బు ఒప్పందాన్ని పొడిగించలేదు. ఇప్పుడు పొద్దున కానిస్టేబుల్ పరీక్షకు సిద్ధమయ్యే కుర్రాళ్ల చేత 1600 మీటర్లు పరుగెత్తిస్తాడు (7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలి, తెలిసినవాళ్లకు తెలుసు). సాయంత్రం ప్రభుత్వ మైదానంలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పి నెలకు 800 రూపాయలు తీసుకుంటాడు. దీని మీద ఎవరో కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ పెట్టారు. ఇది న్యాయమేనా?

నిబంధన
రసీదు ఇస్తున్నాడా?

డ్రిల్లు సారు
అర్జీ పెట్టింది నేను కాదు, కానీ పెట్టినవాళ్లను తప్పు పట్టను. జిల్లా పరిషత్ బడిలో పీఈటీగా, అంటే వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. పొద్దున అయిదున్నరకు మైదానంలో సున్నపు గీతలు నేనే గీసేవాణ్ణి. ఒక్క పిల్లవాడి దగ్గరా పైసా తీసుకోలేదు. ఇంకొక మాట: ఆడటం వేరు, నేర్పడం వేరు. పటియాలా వెళ్లి ఎన్ఐఎస్‌లో కోచింగ్ డిప్లొమా చేశాడా? పదేళ్ల పిల్లవాడికి ఎంత పని చెప్పాలో, పదహారేళ్లవాడికి ఎంత చెప్పాలో చదువుకున్నాడా?

లెఫ్ట్ వింగ్ 11
దేశ ఫుట్‌బాల్ సమాఖ్య ఏఐఎఫ్ఎఫ్ ఇచ్చే కోచింగ్ డి లైసెన్సు ఉంది సార్. పైసా తీసుకోలేదంటున్నారు, మరి ఒకటో తారీఖున మీకు జీతం వచ్చేది కదా. ఇప్పుడు పింఛను కూడా వస్తోంది. ఆయనకు ఆ రెండూ లేవు. కేంద్రం ఇచ్చే క్రీడాకారుల పింఛను ఒలింపిక్స్, ప్రపంచ పోటీలు, ఆసియా, కామన్వెల్త్ క్రీడల్లో పతకాలు గెలిచినవాళ్లకు. క్లబ్బుకు ఆడినవాడికి అందులో చోటు ఎక్కడిది? 2024 ఆగస్టులో రీసెట్ అని రిటైరైన క్రీడాకారుల కోసం ఒక పథకం పెట్టారు. 20 నుంచి 50 ఏళ్ల లోపువాళ్లకు శిక్షణ ఇస్తారు. మంచిదే. కానీ శిక్షణతో ఇంటి అద్దె కట్టలేం కదా.

మిర్యాలగూడ మిల్లు
మా దగ్గర బియ్యం బస్తాలు మోసే హమాలీలకు నలభై దాటగానే మోకాళ్లు అరిగిపోతాయి. వాళ్ల కోసం ఎవరూ చర్చ పెట్టగా చూడలేదు.

పాలమూరు పడుచు
మిల్లు గారూ, పెట్టండి, వచ్చి మాట్లాడతాను. ఇక్కడ మాత్రం విషయం మార్చకండి. 2024లో బాక్సర్ నిఖత్ జరీన్‌కు, క్రికెటర్ సిరాజ్‌కు డీఎస్పీ ఉద్యోగాలిచ్చారు. సిరాజ్ చదివింది ఇంటర్ అయినా నిబంధన సడలించారు. తప్పని నేను అనను, ఇద్దరూ అర్హులే. ప్రపంచకప్పు గెలిస్తే నిబంధన వంగుతుంది, గెలవనివాడు 800 అడిగితే అర్జీ పడుతుంది. నాకు ఒళ్లు మండేది అక్కడే.

నిబంధన
ఆ సడలింపునకు మంత్రివర్గం నిర్ణయం ఉంది. ఈ ఫీజుకు రసీదు ఉందా?

డ్రిల్లు సారు
చరిత్ర తెలియకుండా మాట్లాడుతున్నారు. కోచ్ రహీం సారు తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు గెలిచింది. ఆ ఆటగాళ్లకు ఒంటి మీద యూనిఫాం ఉండేది. కాలు విరిగినా ఇంట్లో పొయ్యి వెలిగేది. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం రెండు ఒలింపిక్స్ ఆడాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నాడు. మరుసటి ఏడాదే ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానేశాడు, అప్పటికి ముప్పై కూడా నిండలేదు. ఆట అంటే అంతే, ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలియదు. అందుకే ముందు ఉద్యోగం, ఆ తర్వాతే ఆట. నేను ప్రతి పిల్లవాడికీ చెప్పింది ఇదే.

లెఫ్ట్ వింగ్ 11
అదే హైదరాబాద్ ఫుట్‌బాల్ ఆటగాడు మహమ్మద్ హబీబ్ భాయిని ఎందుకు వదిలేశారు? వచ్చిన ఉద్యోగాలు వద్దనుకుని ఆటనే వృత్తి చేసుకున్నారు. 1977 సెప్టెంబరులో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన అమెరికా జట్టు కాస్మోస్‌పై కలకత్తా క్లబ్బు మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టారు. గుమాస్తా కుర్చీలో కూర్చుని ఉంటే ఆ గోలు పడేదా?

డ్రిల్లు సారు
చివరి రోజుల్లో ఆయన ఎలా ఉన్నారో కూడా చెప్పు మరి. పార్కిన్సన్స్, మతిమరుపు. 2023 ఆగస్టు 15న పోయారు.

పాలమూరు పడుచు
ఉద్యోగం చేసినవాళ్లకు పార్కిన్సన్స్ రాదా సార్? ఇదెక్కడి వాదన?

దేవరకొండ దారి
రెండో డివిజన్ ఆడినవాణ్ణి ప్రొఫెషనల్ అనవచ్చా? ఊరికే అడుగుతున్నాను.

లెఫ్ట్ వింగ్ 11
ఒప్పందం మీద సంతకం పెట్టి జీతం తీసుకుంటే ప్రొఫెషనలే. డ్రిల్లు సారూ, ఇక సూటిగా అడుగుతున్నాను. మీ బాధ ఫీజు కాదు, లైసెన్సూ కాదు. వాడు మీ మాట వినలేదు. ఇప్పుడు కుంటుతూ తిరిగి వచ్చాడు. ‘చెప్పానా లేదా’ అనడానికి మీకు ఇన్నేళ్లకు అవకాశం దొరికింది.

డ్రిల్లు సారు
నోరు అదుపులో పెట్టుకో. తెలుసని అనుకుంటున్నావు కాబట్టి మొత్తం విను. వాడికి పంతొమ్మిదేళ్లప్పుడు ఒక ప్రభుత్వ విభాగంలో క్రీడల కోటా కింద ఉద్యోగం పడింది. ఎవరు తిరిగారు దానికి? నా చేతిడబ్బుతో హైదరాబాద్ బస్సెక్కి, ఆ ఆఫీసు వరండాలో పూటలు పూటలు నిలబడ్డాను. చేరాల్సిన వారంలోనే వాడు కలకత్తా రైలెక్కాడు. నాకు ఫోను కూడా చేయలేదు. పోనీ, అది నా అహంకారమే అనుకో. ఆ తర్వాత నేను ఏ పిల్లవాడి సర్టిఫికెట్లు పట్టుకుని వెళ్లినా, ‘మీ పిల్లలు చేరరు కదా మాస్టారూ’ అని ఆ అధికారి ఫైలు పక్కన పడేసేవాడు. వాడు వదులుకున్నది వాడి ఒక్కడి ఉద్యోగం కాదు. వెనుక వరుసలో ఉన్నవాళ్ల సంగతి ఎవరు అడగాలి?

మిర్యాలగూడ మిల్లు
ఇది ముందే చెప్పి ఉంటే సగం చర్చ తప్పేది.

లెఫ్ట్ వింగ్ 11
ఆ వెనుక వరుసలో నేనూ ఉన్నాను సార్. మీరు పట్టుకెళ్లిన సర్టిఫికెట్లలో నావి కూడా ఉన్నాయి. ఉద్యోగం రాలేదు. ఇప్పుడు ట్రాక్టర్ విడిభాగాల దుకాణం నడుపుతున్నాను. కోపం లేదంటే అబద్ధం అవుతుంది, కానీ నా కోపం ఫైలు పక్కన పడేసిన అధికారి మీద. ఒకడు చేరకపోతే తర్వాతివాడి దారి మూసేయాలని ఏ నిబంధనలో ఉంది? డబ్బున్న ఇంటి పిల్లవాడు వచ్చిన ఉద్యోగం కాదని అమెరికా వెళ్తే ఊళ్లో ఫ్లెక్సీ కడతాం. కూలీ కొడుకు ఉద్యోగం కాదని ఆటకు వెళితే మాత్రం తన వెనుక ఉన్న అందరికీ జవాబు చెప్పాలంటున్నాం. ఆడినన్నాళ్లూ ఇంటికి డబ్బు పంపాడు. అక్క పెళ్లి ఆ డబ్బుతోనే చేశారు.

డ్రిల్లు సారు
డబ్బున్నవాడికి ఓడిపోయినా మళ్లీ నిలబడే దారి ఉంటుంది. వీడికి లేదు. అందుకే వద్దన్నాను. లేనివాడికి పందెం కాసే హక్కు లేదని నేను ఎన్నడూ అనలేదు. కాస్తే నష్టం వాడి ఇంటితో ఆగదంటున్నాను.

పాలమూరు పడుచు
మా జిల్లా నుంచి బొంబాయికి వలస వెళ్లేవాళ్లందరూ అలాంటి పందెమే కాస్తున్నారు. వాళ్లను వద్దన్నవాళ్లెవరూ ఇక్కడ పని చూపించలేదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం కోటా అంటారు. అందరు ఆటగాళ్లు దానికోసం ఒకరినొకరు తోసుకోవాలా?

నిబంధన
నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

లెఫ్ట్ వింగ్ 11
రసీదు పుస్తకం అచ్చు వేయిస్తాను, సరేనా? మైదానం వాడుకోవడానికి అద్దె ఎంతో చెబితే కడతాడు. ఎవరిని అడిగినా ఇంకొకరి పేరు చెబుతున్నారు.

దేవరకొండ దారి
వాదన తర్వాత చేసుకోండి. మా పాపకు పదకొండేళ్లు. అమ్మాయిలకు వేరే సమయం ఉందా? బూట్లు ముందే కొనాలా?

లెఫ్ట్ వింగ్ 11
అయిదింటికి ఉంది, ఏడుగురు వస్తున్నారు. బూట్ల సంగతి ఆయన్ను అడిగి చెబుతాను.

డ్రిల్లు సారు
వాణ్ణి అడగనక్కర్లేదు. పెరిగే వయసు, ఇప్పుడే అడుగున బొడిపెలుండే స్టడ్ల బూట్లు కొనకండి. ఈ ఏడాదికి మామూలు క్యాన్వాసు బూట్లు చాలు, ఒక అంగుళం పెద్దవి మాత్రం తీసుకోకండి, బొబ్బలు వస్తాయి. మొదటి నెల బంతి ఎంత తన్నిందని కాదు, రెండు కాళ్లతోనూ తన్నిస్తున్నాడా లేదా చూడండి. తన్నించకపోతే ఇక్కడ రాయండి. 800 మాత్రం ఎక్కువే, 500 చాలు.