అప్‌డేట్: సగం సగం ఖర్చుల గురించి అడిగాను కదా

ఇంటి ఖర్చు సగం సగం పంచుకోవడం న్యాయమేనా అని నెల క్రితం ఇక్కడ అడిగాను, గుర్తుందా? మా ఆయన జీతం 90 వేలు. పాప పుట్టాక నేను పార్ట్ టైమ్‌కి మారాను, నాకు 30 వేలు. ఇంటి ఖర్చు 48 వేలు మాత్రం ఇద్దరం సగం సగం. పాప పని, మామయ్యగారి మందులు నావే. ముందు ఇంటి పనికి పట్టే గంటలు రాసి ఆయనకి చూపించమని మీలో చాలామంది అన్నారు.

రాశాను. పాప డైరీ వెనక పేజీల్లో, రెండు వారాలు. పొద్దున 5:10కి పాలు కాచడం దగ్గర్నుంచి రాత్రి 11కి మామయ్యగారికి బీపీ మాత్ర ఇచ్చేదాకా. జనం రోజులో ఏ పనికి ఎంత సమయం పెడతారో లెక్కేసే 2024 కేంద్ర టైమ్ యూజ్ సర్వే ప్రకారం, ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకి 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ అంకె కూడా పక్కనే రాశాను.

ఆయన చదివి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మాత్ర రోజూ నువ్వే ఇస్తున్నావా?" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఒకే ఇంట్లో ఉంటూ అది కూడా తెలియదు!

ఇప్పుడు ఖర్చు జీతాల లెక్కన: ఆయన 36 వేలు, నేను 12 వేలు. నేను గంటలు తగ్గించుకోవడంతో పీఎఫ్ కూడా తగ్గింది కాబట్టి, నా పీపీఎఫ్ (ఎవరికి వారు దాచుకునే ప్రభుత్వ పొదుపు) ఖాతాలో నెలకి 5 వేలు ఆయనే వేస్తారు. ఇది నేనే పట్టుబట్టి అడిగాను. రాత్రి మాత్ర, పాప స్నానం ఆయనవి.

అత్తయ్యగారికి ఇంకా కోపంగానే ఉంది. "వాడికి స్నానం చేయించడం ఏం వచ్చు" అంటారు. నిన్న మాత్రం టవల్ ఆవిడే అందించారు.