మోకాలికి మైక్రోస్ఫియర్ ఇంజెక్షన్: పనికొస్తుందా, డబ్బు దండగా?

డాలస్_అబ్బాయి: అమ్మకు 68, షుగర్ ఉంది, కుడి మోకాలు అరిగింది. మా దగ్గరికొచ్చి ఆరు వారాలు. ఇక్కడి డాక్టర్ జిల్‌రెట్టా వేద్దామంటున్నాడు. స్టెరాయిడే, కానీ చిన్న చిన్న గుళికల్లో (మైక్రోస్ఫియర్లంటారట) పెట్టి ఇస్తారట, మూడు నెలలు నెమ్మదిగా వదులుతుందట. విజిటర్ ఇన్సూరెన్స్ ఇవ్వదు. ఎవరైనా వేయించారా?

మిర్చి_బజ్జీ: బిల్లు చూశాక మోకాలి నొప్పి గుర్తుండదు లెండి.

పొడిమాత్ర: నేను ఇలాంటి మందుల తయారీ పనిలోనే ఉన్నాను, అందుకే చెప్తున్నా. అరిగిన కీలు లోపలి పొరలో మాక్రోఫేజ్‌లని కాపలా కణాలుంటాయి, కార్టిలేజ్ (ఎముకల చివర ఉండే మెత్తటి పొర) తునకలు కనిపిస్తే చాలు వాపు తెచ్చే సంకేతాలు వదులుతూనే ఉంటాయి. స్టెరాయిడ్ వాటిని అణిచేస్తుంది. మామూలు ఇంజెక్షన్లో మందు కీలు దాటి తొందరగా రక్తంలోకి పోతుంది, షుగర్ ఎగిరేది అందుకే. జిల్‌రెట్టాలో 32 మిల్లీగ్రాముల ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ పీఎల్‌జీఏ అనే పాలిమర్ గుళికల్లో ఉంటుంది. టైప్ 2 షుగర్ ఉన్న 33 మందిలో రెండూ పోల్చారు, మొదటి మూడు రోజుల్లో గుళికల మందు వేసుకున్నవాళ్లకు షుగర్ తక్కువ పెరిగింది. అమ్మగారికి ఇదే నయం.

విజయ_తెనాలి: పాలిమర్ అంటే ప్లాస్టికే కదండీ. మోకాల్లో ప్లాస్టిక్ పోస్తారా?

పొడిమాత్ర: కరిగిపోతుందండీ, లాక్టిక్ ఆసిడ్, గ్లైకాలిక్ ఆసిడ్‌గా విడిపోతుంది. కరిగే కుట్ల దారం కూడా ఈ జాతిదే. ప్రొస్టేట్ క్యాన్సర్‌కి వేసే లూప్రాన్ డిపో ఇంజెక్షన్ 1989 నుంచీ ఇలాంటి గుళికల్లోనే వస్తోంది.

విజయ_తెనాలి: కుట్లు కరుగుతాయనే నాకూ సిజేరియన్‌కి చెప్పారు. చీము పట్టి నెల రోజులు కట్టు మార్పించుకున్నాను. మీ కరగడాలు నాకు చెప్పకండి.

పొడిమాత్ర: చీముకూ పాలిమర్‌కూ సంబంధమేంటండీ?

ఎముకలగూడు: ప్లాస్టిక్ గొడవ పక్కన పెట్టండి. 2017 అక్టోబర్‌లో ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) అనుమతికి ఆధారమైన ట్రయల్లో సెలైన్ (ఉత్తి ఉప్పునీళ్లు) కంటే నొప్పి తగ్గింది, నిజమే. కానీ మామూలు ట్రయామ్సినలోన్ 40 మిల్లీగ్రాములతో పోలిస్తే 12 వారాలకు రోజువారీ నొప్పి సగటులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ ఏడాదే జామా అనే వైద్య పత్రికలో ఇంకో అధ్యయనం వచ్చింది: 140 మందిలో సగానికి రెండేళ్లపాటు మూడు నెలలకోసారి మామూలు స్టెరాయిడ్ వేస్తే, సెలైన్ వాళ్లకంటే కార్టిలేజ్ ఎక్కువ పోయింది, నొప్పి మాత్రం ఇద్దరికీ ఒకటే.

పొడిమాత్ర: అది మామూలు మందు, అదీ పదే పదే వేసి చూసింది. ఈయన అడిగేది ఒక్కసారికి. రెండూ కలపకండి.

విజయ_తెనాలి: ఒక్కసారితో ఎవరు ఆపారండీ? జిల్‌రెట్టా లేబుల్ మీదే మళ్లీ వేస్తే పనిచేస్తుందని, ప్రమాదం లేదని రుజువు కాలేదని ఉంది. మా అమ్మకు మూడేళ్లు ఇంజెక్షన్లతో నెట్టుకొచ్చారు. ఎవరు? మా అన్నయ్యే, ఆస్ట్రేలియా నుంచి ఫోన్లో. "ఇంకో ఇంజెక్షన్ వేయించు, నేనొచ్చాక ఆపరేషన్ చూద్దాం." ఆయనొచ్చేసరికి అమ్మ వీల్‌చెయిర్లో ఉంది, బాత్రూమ్‌కి తీసుకెళ్లింది నేను. ఇంజెక్షన్ వేశాక మూడు నెలల దాకా మోకాలు మార్చడానికి చాలామంది సర్జన్లు ఒప్పుకోరు, ఇన్ఫెక్షన్ భయం. మీకు కావాల్సింది నొప్పి తగ్గడమా, వాయిదానా?

డాలస్_అబ్బాయి: మీ అన్నయ్య కోపం నా మీద చూపిస్తారేంటండీ? అమ్మే ఆపరేషన్ వద్దంటోంది.

విజయ_తెనాలి: ఆవిడ అన్నారా, మీకు సెలవు దొరకదని ఆవిడే అనుకున్నారా?

పొడిమాత్ర: చర్చ మందు గురించి.

ఎముకలగూడు: ఇప్పుడే మందు గురించి కానిది మొదలైంది.

డాలస్_అబ్బాయి: మొన్న మేడ మెట్ల దగ్గర రెయిలింగ్ పట్టుకుని ఐదు నిమిషాలు నిలబడిపోయింది. నేను కాల్‌లో ఉన్నానని పిలవలేదట. అడుగుతా.

మిర్చి_బజ్జీ: ఇంతకీ విజిటర్ ఇన్సూరెన్స్ ఏది తీసుకున్నారండీ? మా అత్తగారు వచ్చే నెల వస్తున్నారు.