పోర్చుగీసు 'సోలో' (నేల)కీ మన సోలోకీ చుట్టరికం ఉందా?

బెల్లందూరు బాటసారి:
బ్రెజిల్ క్లయింట్‌కి భూసార పరీక్షల యాప్ చేస్తున్నాం. వాళ్ళ షీట్‌లో 'తీపో దె సోలో' అని ఒక కాలమ్, దాని కింద ఇసుక నేల, బంకమట్టి నేల అని రకాలు. సోలో అంటే ఒక్క పంటే పండే నేల అని మా టీమ్‌లో ఒకాయన తేల్చేశాడు. ఇంకొకావిడేమో భూమి అనే అర్థంలో వాళ్ళ 'టెర్రా', మన 'ధర' (వెల కాదు, భూమి) ఒకటే అంటోంది. ఎవరికైనా లాటిన్ తెలుసా?

జయనగర్ 4వ బ్లాక్:
ఒక్క పంటేంటండీ బాబూ! లాటిన్‌లో 'సోలుమ్' అంటే అడుగు, నేల. ఒంటరి అనే 'సోలుస్' వేరే మాట, అది పోర్చుగీసులో అరిగి అరిగి ఉత్త 'సొ' అయింది. పాటల సోలో ఇటాలియన్ సరుకు. చెప్పు అడుగున ఉండే సోల్ మాత్రం ఈ నేల సోలోకి చుట్టమే, ఇంగ్లీషు సాయిల్ కూడా చాలావరకు అంతే.

పాత నిఘంటువు:
టెర్రా, ధర ఒకటి కావు, చెవికి అలా వినిపిస్తాయంతే. ధర 'ధృ' ధాతువు నుంచి వచ్చింది, భరించేది అని. సంస్కృతంలో మాట మొదట ఉన్న 'ధ'కి లాటిన్‌లో సాధారణంగా 'ఫ' వస్తుంది: మన ధూమం వాళ్ళకి 'ఫూముస్'. ఆ లెక్కన ధరకి అక్కడి బంధువు 'ఫిర్ముస్', అంటే గట్టిది, ఇంగ్లీషులో ఫర్మ్. టెర్రాకి మూలం ఎండిపోవడం అనే అర్థమున్న ధాతువు, తడి నీళ్ళకి ఎదురుగా పొడి నేల అన్నమాట. అదే ధాతువు మనవైపు తృష, తృష్ణ అయింది, ఇంగ్లీషులో థర్స్ట్ అయింది. ధర పోయినా తృష్ణ దక్కింది, మీ టీమ్ ఆవిడకి చెప్పండి.

ఇందిరానగర్ ఫిల్టర్ కాఫీ:
ఇంట్లో తుడిచే నేలని వాళ్ళు 'షావ్' అంటారు, ముక్కుతో పలకాలి. నాకైతే అన్నిట్లోకీ ఇదే మజా. మూలం లాటిన్ 'ప్లానుమ్', చదునైనది. పోర్చుగీసు నోట్లో మాట మొదటి 'ప్ల' చాలాచోట్ల 'ష' అయిపోతుంది, వాన 'ప్లువియా' కూడా 'షూవ' అయింది. అచ్చుల మధ్య 'న' కరిగిపోయి ముక్కు శబ్దం మిగిలింది. 'క్ల'కీ ఇదే గతి: తాళంచెవి 'క్లావిస్' కాస్తా 'షావి', హిందీ వాళ్ళ చాబీ దాని నుంచే. ఇటలీ పియానో కూడా ప్లానుస్ పిల్లే.

బెల్లందూరు బాటసారి:
అయితే మా పీజీ టెర్రస్?

పాత నిఘంటువు:
అదీ టెర్రానే, ఫ్రెంచి మీదుగా వచ్చింది. మట్టి పోసి ఎత్తు చేసిన గట్టుని అలా అనేవాళ్ళు.