టిక్ ఫీవర్: ప్లేట్‌లెట్స్ పెరిగాయి, హిమోగ్లోబిన్ మాత్రం లేవట్లేదు

చింటూ వాళ్ల నాన్న:
నమస్తే అండీ. మాది ల్యాబ్రడార్, మూడేళ్లు. చెవుల లోపల, వేళ్ల సందుల్లో గోమార్లు (టిక్స్) బాగా పట్టి జ్వరమొచ్చింది, తిండి మానేశాడు, యూరిన్ అచ్చం కాఫీ డికాషన్ రంగులో వస్తుంటే భయమేసి హాస్పిటల్‌కి పరిగెత్తాం. స్మియర్‌లో, అంటే రక్తపు చుక్క గాజు పలక మీద పూసి మైక్రోస్కోప్‌లో చూస్తే, బబేసియా అనే గోమార్ల ద్వారా వచ్చే పరాన్నజీవి ఉందన్నారు. అప్పుడు హిమోగ్లోబిన్ 6.1, పీసీవీ (రక్తంలో ఎర్ర కణాల శాతం) 18, ప్లేట్‌లెట్స్ 32 వేలు. బబేసియాకి ఇమిడోకార్బ్ అనే మందు ఇంజెక్షన్ చేశారు. ఇప్పుడు ప్లేట్‌లెట్స్ 1.6 లక్షలకొచ్చాయి గానీ పీసీవీ 19 దగ్గరే ఉంది, చిగుళ్లు తెల్లగానే ఉన్నాయి. ఇంట్లోవాళ్లేమో ప్లేట్‌లెట్స్ పెరిగాయిగా ఇంకేం భయం అంటున్నారు. ఐరన్ టానిక్ పడితే సరిపోతుందా?

భీమవరం షెపర్డ్:
బొప్పాయాకు రసం పట్టండి బ్రదర్, మావాడికి ప్లేట్‌లెట్స్ బాగా లేచాయి.

వెట్ ల్యాబ్ టెక్నీషియన్:
ప్లేట్‌లెట్స్ ఆయనకి ఆల్రెడీ లేచాయండీ, సమస్య అది కాదు. డెంగీ అలవాటుతో మనందరి కళ్లూ ముందు అక్కడికే పోతాయి, కానీ బబేసియా చేరేది ఎర్ర కణాల్లోకి. లోపల పెరిగి కణాన్ని పగలగొడుతుంది, దానికితోడు కుక్క ఇమ్యూనిటీ కూడా ఎదురు తిరిగి మంచి కణాల్ని సైతం చంపేస్తుంది, అందుకే స్మియర్‌లో ఒకటీ అరా కనిపించినా రక్తం అంతలా పడిపోతుంది. పగిలిన హిమోగ్లోబిన్ యూరిన్‌లో పోతేనే ఆ డికాషన్ రంగు. రిపోర్ట్‌లో రెటిక్యులోసైట్స్ చూడండి, అంటే కొత్తగా పుట్టిన ఎర్ర కణాలు. రక్తం పడిపోయిన మూడు నుంచి ఐదు రోజుల్లో అవి పెరగాలి. బాగా పెరిగి కూడా పీసీవీ కదలట్లేదంటే కొత్తవి కూడా పగిలిపోతున్నాయని. తక్కువుంటే ఎముక మజ్జ స్పందించట్లేదని, అప్పుడు ఎర్లీకియా (గోమార్ల వల్లే వచ్చే ఇంకో ఇన్ఫెక్షన్) టెస్ట్ కూడా చేయించాలి, మన ఇళ్లల్లో తిరిగే గోధుమరంగు గోమారు రెండూ మోస్తుంది. ఐరన్ సంగతంటారా, కణాలు లోపల పగిలినప్పుడు ఐరన్ చాలావరకు ఒంట్లోనే ఉంటుంది, టానిక్ వల్ల ఒరిగేదేం లేదు.

రాజేంద్రనగర్ వెటర్నరీ స్టూడెంట్:
ఏ బబేసియానో అడిగారా అన్నా? పెద్ద రకం స్మియర్‌లో బేరిపండు ఆకారంలో జంటగా కనిపిస్తుంది, ఇమిడోకార్బ్‌కి లొంగుతుంది. చిన్నది, గిబ్సోనై, ఉంగరంలా ఉంటుంది, దానికి ఇమిడోకార్బ్ సరిగ్గా పనిచేయదు, అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ అనే రెండు మందులు కలిపి వాడతారు. తేడా పక్కాగా పీసీఆర్ (డీఎన్ఏ టెస్ట్)లోనే తేలుతుంది. స్మియర్ మళ్లీ చేయిస్తే చెవి అంచు నుంచి తీయమనండి, బబేసియా కనిపించే ఛాన్స్ అక్కడ ఎక్కువ. ఈలోపు తూలుతున్నా, పడుకుని కూడా ఆయాసపడుతున్నా ఇంక రిపోర్ట్‌ల కోసం ఆగొద్దు, క్రాస్ మ్యాచ్ చేసి, అంటే ఇచ్చే రక్తం సరిపడుతుందో లేదో చూసి, రక్తం ఎక్కించాల్సిందే.

చింటూ వాళ్ల నాన్న:
థాంక్సండీ. తూలడం లేదు, లేచి నీళ్లు తాగుతున్నాడు. రెటిక్యులోసైట్స్ రిపోర్ట్‌లో అసలు లేవు. పొద్దున్నే డాక్టర్ గారితో మాట్లాడి అదీ పీసీఆరూ రెండూ చేయిస్తా. రెంటికీ పర్పుల్ మూత ట్యూబేనా?

వెట్ ల్యాబ్ టెక్నీషియన్:
అవునండీ, ఈడీటీఏ ట్యూబే. తీసిన వెంటనే మెల్లగా తిప్పి కలపమనండి, గడ్డకడితే లెక్క తప్పొస్తుంది.