మోడల్‌లో ఆగస్టు 31 లేదు: బెజవాడ వానకు ఏ గడిని నమ్మాలి?

సింగ్‌నగర్ డ్రాఫ్ట్స్‌మన్:

గుంటూరు బ్రాడీపేటలో చిన్న సివిల్ డిజైన్ ఆఫీసు నడుపుతాను. ఇల్లు బెజవాడ సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబరు మొదట్లో మా వీధుల్లో పడవలు తిరిగిన సంగతి అందరికీ తెలిసిందే. నీళ్లు పోయాక గోడ మీద మిగిలిన బురద గీతను నేను ఇంకా చెరపనివ్వలేదు, కొలతకు పనికొస్తుందని. మా ఆవిడ దాన్ని నా పిచ్చికి గుర్తు అంటుంది.

ఇప్పుడు మా వీధికి వాననీటి కాలువ లెక్క వేసివ్వమని కాలనీ సంఘం అడిగింది. కోశాధికారి గారి అబ్బాయి లేచి, రాబోయే యాభై ఏళ్ల వానలకు సరిపోవాలన్నాడు. సరే, కుర్రవాడి మాటలో తప్పేముందని భూమి వాతావరణాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే బ్రిటిష్ వాళ్ల యూకేఈఎస్ఎం1 మోడల్ ఫైళ్లు దించుకున్నాను. అందులో భూమిని గళ్లుగా విడగొట్టి, గడికొక వాన అంకె ఇస్తారు. బెజవాడ పడే గడి తెరిచి, ఆ వరద తెచ్చిన వాన పడిన 2024 ఆగస్టు 31 కోసం వెతికితే ఆ తేదీయే లేదు! 30 తర్వాత నేరుగా సెప్టెంబరు 1. ఆ రోజున కూడా నాలుగు చినుకులే. ఫైలు పాడైందేమోనని మళ్లీ దించుకున్నాను. అదే తంతు.

తర్వాత నాసా వాళ్లు 25 కిలోమీటర్ల గళ్లతో ఇచ్చే దత్తాంశం చూశాను. మూలం అదే బ్రిటిష్ మోడల్, కానీ ఇందులో భారీ వానలు బాగా పెద్దవి. ఒకే మోడల్, ఒకే ఊరు, రెండు వానలు. గడి చిన్నదైతే వాన నిజమవుతుందా? కాలువ వెడల్పు ఎక్కువ వేస్తే చందా ఎక్కువ, తక్కువ వేస్తే మళ్లీ పడవ. ఏ అంకె పట్టుకోమంటారు?

తెనాలి నుంచి పుణె:

ఫైలు పాడవలేదండీ. ఆ మోడల్ పంచాంగంలో ప్రతి నెలకూ ముప్పై రోజులే, ఏడాదికి 360. ఆగస్టు 31న వరద రావడానికి అక్కడ వీలే లేదు! తేదీ ఉన్నా మీకు ఆ వాన దొరికేది కాదు. ఈ మోడళ్లను 1850 నాటి స్థితి నుంచి వదిలేస్తారు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత, ఎండ ఎంత వంటివి చెబుతారు గానీ ఏ రోజున ఏ వాయుగుండం పుట్టిందో చెప్పరు. దాని వాయుగుండాలు దానివి. ముప్పై ఏళ్ల వానలను కుప్పపోసి పోల్చాలే తప్ప తేదీకి తేదీ సరిచూడకూడదు.

ఇక గడి సంగతి. మన అక్షాంశం దగ్గర ఆ మోడల్ గడి ఉత్తర దక్షిణాలుగా సుమారు 140, తూర్పు పడమరలుగా 200 కిలోమీటర్లు. దాదాపు 28,000 చదరపు కిలోమీటర్లు. పాత కృష్ణా, గుంటూరు జిల్లాలు రెండూ కలిపినా 20,000 పైచిలుకే. వన్‌టౌన్‌లో కుండపోతగా కురుస్తుంటే బెంజి సర్కిల్‌లో రోడ్డు పొడిగా ఉండటం మీరు చూసే ఉంటారు. పది కిలోమీటర్ల పొడవు, పది వెడల్పు ఉన్న మేఘం పది సెంటీమీటర్లు కురిసిందనుకోండి. ఆ నీటిని ఈ గడి అంతటా పరిస్తే అర మిల్లీమీటరు కూడా రాదు. 25 కిలోమీటర్ల గడిలో పరిస్తే 16 మిల్లీమీటర్లు. మిర్చి యార్డులో ఆనాటి సగటు ధర చెబితే మీ తేజ బస్తాకు ఎంత పలికిందో తెలుస్తుందా? ఇదీ అంతే.

సగటుతో చిక్కు తీరిపోదు. అంత పెద్ద గడిలో ఉరుముల మేఘం మోడల్‌కు కనిపించదు. ఇంత వేడి, ఇంత తేమ ఉంటే ఇంత వాన అని సూత్రాలతో నెట్టుకొస్తారు. ఆ సూత్రాల పుణ్యమా అని చాలా మోడళ్లలో తుంపర తరచుగా పడుతుంది, కుంభవృష్టి తక్కువ. గడి నాలుగు కిలోమీటర్లకో ఇంకా కిందికో దిగితే మేఘం తనంతట తాను లేవడం మొదలుపెడుతుంది. అయితే గడి కొలత సగం చేసిన ప్రతిసారీ లెక్క కనీసం ఎనిమిది రెట్లవుతుంది. గళ్లు నాలుగింతలు, పైగా లెక్క వేసే కాలపు అడుగు సగమై అడుగులు రెట్టింపు. ఇక్కడ పుణెలో తయారై 2025 మేలో మొదలైన వాతావరణ సూచన మోడల్ భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ గడి 6 కిలోమీటర్లే. కానీ అది రాబోయే కొద్ది రోజుల కోసం. వందేళ్లు నడపడం వేరే కథ.

గడి తగ్గితే కొండలు కూడా లేస్తాయి. పెద్ద గడిలో పడమటి కనుమలు అరిగిన గట్టులా ఉంటాయి, కొంకణానికి రావలసిన వాన తగ్గుతుంది. 25 కిలోమీటర్లకు వస్తే అక్కడ తేడా స్పష్టం. వాయుగుండాలు, తుపాన్లు కూడా మెరుగవుతాయి. కానీ మోడల్‌లో అరేబియా సముద్రం అసలుకంటే చల్లగా ఉంటే, గడి ఎంత చిన్నదైనా తేమ తక్కువే వస్తుంది. దాన్ని గడి నయం చేయదు.

మీ నాసా దత్తాంశం ఇంకో రకం. అక్కడ ఎవరూ చిన్న గళ్లతో మోడల్ నడపలేదు. పెద్ద గడి వానను పాత పరిశీలనలతో పోల్చి, గణాంకాలతో సరిదిద్ది, 25 కిలోమీటర్లకు పంచారు. పాత ఫొటోను పెద్దది చేసి, ముఖం తెలిసిన మనిషి చేత గీతలు దిద్దించినట్టు. చూడటానికి పోలిక కుదురుతుంది. భవిష్యత్తు కబురు మాత్రం ప్రధానంగా ఆ పెద్ద గడిదే.

సింగ్‌నగర్ డ్రాఫ్ట్స్‌మన్:

మిర్చి పోలికతో బుర్రకెక్కింది. అయితే రెండూ పక్కన పెట్టేయాలా?

తెనాలి నుంచి పుణె:

అక్కర్లేదు. మోడల్ నుంచి అంకె తీసుకోకండి, నిష్పత్తి తీసుకోండి. అదే మోడల్‌లో గడిచిన ముప్పై ఏళ్ల భారీ వాన ఎంత, రాబోయే ముప్పై ఏళ్లది ఎంత? ఎన్ని రెట్లయిందో చూసి, మీ ఊరి వర్షమాపకం లెక్కను అన్ని రెట్లు చేయండి. ఒక్క మోడల్‌తో ఆగకండి, పది చూడండి. అవి ఒకదానితో ఒకటి పోట్లాడతాయి, పోట్లాడనివ్వండి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. డిగ్రీకి మీ పెంపు దానికి మరీ దూరంగా ఉంటే ఎందుకో వెతకండి.

లాకుల తాత:

నీటిపారుదల శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. తెనాలి అబ్బాయి చెప్పింది బాగుంది, కానీ నాయనా, మీరిద్దరూ రోజు వాన గురించి మాట్లాడుతున్నారు. వీధి కాలువ మునిగేది గంట వానకు. ఇరవై నాలుగు గంటల్లో మెల్లగా పడిన పది సెంటీమీటర్లు, గంటన్నరలో పడిన పది సెంటీమీటర్లు ఒకటేనా? తనంతట తాను రాసుకునే వర్షమాపకం చార్టులు సంపాదించు.

ఇంకొకటి. 2024లో మీ ఇంట్లోకి వచ్చినది మీ వీధి వాన ఒక్కటే కాదు. మైలవరం వైపు కొండల నీరంతా బుడమేరు వాగులో దిగింది, గట్టు తెగింది. ఆ కొండలు 25 కిలోమీటర్ల గడికి కూడా ఆనవు. వెలగలేరు దగ్గర నుంచి మళ్లించిన నీరు ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలవాలి. ఆ రోజుల్లో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోయింది, 2009 నాటి 11.10 లక్షలను మించి. కృష్ణే అంత ఎత్తున ఉంటే బుడమేరు నీటిని ఎవరు తీసుకుంటారు? నీ కాలువ ఎంత వెడల్పు వేసినా, అది కలిసే చోట నీరు పైకి ఉంటే వెనక్కే తంతుంది. నేల ఎత్తుల లెవెల్స్ తీశావా?

సింగ్‌నగర్ డ్రాఫ్ట్స్‌మన్:

వీధి మొత్తం తీశానండీ. కాలువ కలిసే చోట తీయలేదు. ఆదివారం పొద్దున్నే లెవెల్ యంత్రంతో వెళ్తాను. మొదటి రీడింగ్ మా గోడ మీది బురద గీత నుంచే.

లాకుల తాత:

మీ ఆవిడకు చెప్పు, ఆ గీతకు అప్పుడే సున్నం కొట్టవద్దని. ఆదివారం నేనూ వస్తాను, కొలత కర్ర పట్టుకోవడానికి మనిషి కావాలి కదా.